పరమాణువుకి బొట్టు పెట్టిన మనిషి

1911వ సంవత్సరం. ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో ఒక పూటకూళ్లమ్మ ఇంట్లో హంగేరీ నుంచి వచ్చిన కుర్రవాడొకడు బస చేశాడు. ఆదివారం భోజనం బాగానే ఉండేది. ఆ తరువాత వారమంతా వచ్చే వంటకాల మీదే అతనికి అనుమానం. కంచాల్లో మిగిలిపోయిన మాంసం మర్నాడు కొత్త వేషం వేసుకుని తిరిగి వస్తోందేమోనని. అడిగితే ఆవిడ ససేమిరా ఒప్పుకోలేదు, ఏ రోజుకారోజు తాజాగా వండుతున్నానంది. కుర్రవాడు వాదన పెట్టుకోలేదు. ఒక రోజు తన కంచంలో మిగిల్చిన దాని మీద, పని చేసే ల్యాబు నుంచి తెచ్చిన రేడియోధార్మిక పదార్థం రవ్వంత వేశాడు. తరువాత వచ్చిన వంటకం దగ్గర ఎలెక్ట్రోస్కోపు అనే పరికరం పెట్టి చూశాడు. అందులో విద్యుదావేశంతో విడివడి నిలబడిన పల్చటి బంగారు రేకులు, రేడియోధార్మికత సోకగానే వాలిపోతాయి. వాలిపోయాయి! దొంగతనం బయటపడింది.

ఆ కుర్రవాడి పేరు జార్జ్ ద హెవెషీ. ఇంగ్లీషు అక్షరాలు చూసి చాలామంది హెవెసీ అంటారు గాని, హంగేరీ వాళ్ల నోట అది హెవెషీ. ఈ కథ ఆయనే పెద్దయ్యాక చెప్పుకున్నది. చెప్పేవారిని బట్టి వంటకం మారుతూ ఉంటుంది గాని విషయం మారదు. (ఈ రోజుల్లో అమెరికాలో ఎవరైనా అలాంటి పని చేస్తే వీసా మాట దేవుడెరుగు, ముందు పోలీసులొస్తారు.)

నేను జీవరసాయన శాస్త్రం చదువుకుని, 1980లలో ఈ దేశం వచ్చి, రిటైరయ్యేదాకా ఒక యూనివర్సిటీ ల్యాబులో ఎంజైములు కొలుస్తూ గడిపినవాణ్ణి. ఎలకల కాలేయం, గుండె కండరం, అప్పుడప్పుడు ఆసుపత్రి నుంచి వచ్చే మనుషుల కణజాలం ముక్కలు - వీటిలో ఫలానా ఎంజైము ఎంత చురుగ్గా పని చేస్తోందో లెక్క కట్టి చెప్పడం నా ఉద్యోగం. ఆ కొలతకి మేము వాడేది రేడియోధార్మిక పదార్థాలు. రేడియోధార్మికత అనగానే మనవాళ్లకి హిరోషిమా, చెర్నోబిల్ గుర్తుకొస్తాయి. నాకు మాత్రం ఆ పూటకూళ్ల ఇల్లు గుర్తుకొస్తుంది. మా వృత్తికి పుట్టిల్లు అదే. క్యూరీ దంపతులు, రూథర్‌ఫర్డ్, బోర్ - ఈ పేర్లు మన పిల్లలకి బళ్లోనే తెలుస్తాయి. హెవెషీ పేరు విన్నవాళ్లు తక్కువ. అందుకే ఈ వ్యాసం.

హెవెషీ 1885 ఆగస్టు 1న బుడాపెస్ట్‌లో పుట్టారు. కలిగిన కుటుంబం, ఎనిమిది మంది సంతానంలో ఈయన అయిదోవాడు. వంశ మూలాలు యూదులవి, మతం రోమన్ కాథలిక్కు. మూలాల సంగతి ఎందుకు చెబుతున్నానో ముందు ముందు తెలుస్తుంది. బుడాపెస్ట్, బెర్లిన్‌లలో చదివి, జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో 1908లో డాక్టరేట్ తీసుకున్నారు. తరువాత జ్యూరిక్, అక్కణ్ణించి కార్ల్స్‌రూలో హేబర్ దగ్గర, అక్కణ్ణించి మాంచెస్టర్‌లో రూథర్‌ఫర్డ్ దగ్గర. పాతికేళ్లు నిండేసరికి నాలుగు దేశాల నీళ్లు తాగారన్నమాట. పోస్ట్ డాక్‌లు చేస్తూ ఊళ్లు మారిన మనవాళ్లకి ఈ తిరుగుడు కొత్త కాదు.

రూథర్‌ఫర్డ్ ల్యాబులో ఒక పెద్ద చిక్కు ఉండేది. ఆస్ట్రియా ప్రభుత్వం యోకిమ్‌స్టాల్ గనుల ఖనిజం నుంచి వచ్చిన సీసం వందల కిలోల లెక్కన బహుమతిగా పంపింది. అందులో రేడియం-డి అనే రేడియోధార్మిక పదార్థం ఉంది. పనికొచ్చేది అదే. కాని మామూలు సీసం దాన్ని కప్పేసి పనికి రాకుండా చేస్తోంది. నువ్వు ఘనమైన రసాయనికుడివైతే ఈ సీసం బెడద వదిలించి ఆ రేడియం-డి ని బయటికి తియ్యమని రూథర్‌ఫర్డ్ గారు ఈ కుర్రవాడికి అప్పగించారు. హెవెషీ తనకి తెలిసిన విద్యలన్నీ ప్రయోగించారు. రెండేళ్ల పాటు కుస్తీ పట్టారు. రవ్వంత కూడా విడదీయలేకపోయారు.

విడదీయలేకపోవడానికి కారణం తరువాత తెలిసింది. రేడియం-డి వేరే పదార్థం కాదు, అదీ సీసమే. ఈనాడు మనం దాన్ని సీసం-210 అంటాం. బరువులో తేడా ఉందే తప్ప రసాయన గుణాల్లో మామూలు సీసానికీ దానికీ తేడా లేదు. ఇలాంటి అన్నదమ్ముల్ని ఐసోటోపులు అనాలని 1913లో సాడీ పేరు పెట్టారు. రసాయన గుణాల్లో తేడా లేనప్పుడు ఎంత గొప్ప రసాయనికుడైనా ఏం చేసి విడదీస్తాడు?

ఆ సమయంలో ఇంకొకరైతే పోయిన రెండేళ్లకీ నీళ్లొదులుకుని వేరే పని చూసుకునేవారు. హెవెషీ ఆ ఓటమినే తిరగేసి చూశారు. సీసం నుంచి దీన్ని ఎవ్వరూ ఎప్పటికీ విడదీయలేరు గదా! అంటే సీసం ఎక్కడికి వెళితే ఇదీ అక్కడికి వెళుతుంది. ఇది కిరణాలు విడుస్తూ తన ఉనికిని చాటుకుంటుంది. కనక సీసం ఎక్కడికి పోతోందో తెలుసుకోవాలంటే చిటికెడు రేడియం-డి కలిపి, ఆ కిరణాలని వెంబడిస్తే చాలు.

ఈ సంగతి మా అత్తగారికి నేను చెప్పిన పద్ధతి మీకూ చెబుతాను. ఆవిడ మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు, పొద్దున్నే ల్యాబుకి పోయి ఏం చేస్తారని అడిగారు. ఆవిడ ఊరి నుంచి తెచ్చిన సున్నుండల డబ్బా చేతిలోకి తీసుకుని అడుగున చూపించాను. స్టీలు సామాను కొన్నప్పుడల్లా మనవాళ్లు కొట్లోనే పేరు కొట్టిస్తారు గదా, ఆవిడ ఇంటిపేరు, తారీఖు చుక్కలు చుక్కలుగా ఉన్నాయి. పెళ్లివారింటికి పోయినా, పక్కింటికి పులుసుతో వెళ్లినా ఆ గిన్నె ఎక్కడుందో పోల్చుకోవచ్చు. పేరు కొట్టించినంత మాత్రాన గిన్నె గిన్నె కాకుండా పోదు, అందులో పులుసు రుచి మారదు. మేము పరమాణువుల మీద పేరు కొట్టించి ఒంట్లోకి వదులుతాం, ఏ ఇంట్లో తేలుతాయో చూస్తాం అన్నాను. ఆవిడకి వెంటనే అర్థమైంది. పోయిన గిన్నెలు దొరుకుతాయా అని మాత్రం అడిగారు. కొన్ని దొరకవు, అవి ఎక్కడ పోయాయో కనిపెట్టడమే అసలు పని అని చెప్పాను.

1913లో హెవెషీ వియన్నాలోని రేడియం సంస్థకి వెళ్లారు. అక్కడ ఫ్రిట్జ్ పానెత్ అనే ఆయన కూడా రేడియం-డి ని విడదీయబోయి ఓడిపోయి కూర్చున్నారు. ఓడినవాళ్లిద్దరూ కలిసి చేసిన మొదటి పని - సీసం క్రోమేటు నీళ్లలో ఎంత కరుగుతుందో కొలవడం. అది దాదాపు కరగదు, మామూలు తక్కెడకి అందదు. రేడియం-డి కలిపి చూస్తే అందింది. ట్రేసర్ పద్ధతికి శాస్త్రపత్రికల్లో అదే శ్రీకారం. ట్రేసర్ అన్న మాటకి తెలుగులో జాడ చూపేది అనుకోవచ్చు.

మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది, హెవెషీ ఆస్ట్రియా-హంగేరీ సైన్యంలో పని చేశారు. యుద్ధం ముగిసి బుడాపెస్ట్ చేరితే అక్కడ ఏడాదిలో రెండు మూడు ప్రభుత్వాలు మారాయి. చివరికి వచ్చిన వాతావరణంలో ఆయనలాంటివారికి విశ్వవిద్యాలయంలో చోటు లేకుండా పోయింది. మాంచెస్టర్ రోజుల స్నేహితుడు నీల్స్ బోర్ పిలిస్తే 1920లో డెన్మార్క్ వెళ్లారు. అక్కడ డర్క్ కోస్టర్‌తో కలిసి 72వ మూలకాన్ని కనిపెట్టి, కోపెన్‌హాగెన్‌కి ఉన్న లాటిన్ పేరు మీద దానికి హాఫ్నియం అని పేరు పెట్టారు. అది 1923 మొదట్లో ప్రకటించారు. ఒక మూలకం కనిపెట్టడం అంటే మాటలా! ఎవరి జీవితానికైనా అదొక్కటీ చాలు. నా దృష్టిలో మాత్రం అదే ఏడు ఆయన చేసిన ఇంకొక చిన్న పని దానికన్నా పెద్దది.

చిక్కుడు జాతి మొక్కల వేళ్లని, రేడియోధార్మిక సీసం కలిపిన ద్రావణంలో ఉంచారు. ఈసారి వాడింది థోరియం-బి, అంటే సీసం-212. పదిన్నర గంటల్లో సగం తరిగిపోతుంది, అంటే పని గబగబా కానివ్వాలి. కొన్ని గంటలయ్యాక వేళ్లు, కాండం, ఆకులు వేరు చేసి, కాల్చి బూడిద చేసి, ఒక్కొక్క బూడిదలో ఎంత సీసం ఉందో లెక్క కట్టారు. ఎక్కువ భాగం వేళ్లలోనే ఆగిపోయింది, ఆకులదాకా పోయింది చాలా కొద్ది. తరువాత అదే మొక్క వేళ్లని మామూలు సీసపు ద్రావణంలోకి మారిస్తే, లోపలికి పోయిన గుర్తు సీసం బయటికి రాసాగింది, దాని చోట కొత్తది చేరింది. ప్రాణమున్న దాని లోపలికి గుర్తు పెట్టిన పరమాణువుని పంపి వెంబడించడం అదే మొదలు. కాకపోతే ఒకటే ఇబ్బంది: సీసం ప్రాణికి విషం. మొక్కకి గాని మనిషికి గాని దానితో పని లేదు. ఒంటికి అక్కరకొచ్చే కర్బనం, భాస్వరం, ఇనుము లాంటి వాటికి గుర్తు పెట్టగలిగితే గాని అసలు కథ నడవదు. దానికి ఇంకో పదకొండేళ్లు ఆగాల్సి వచ్చింది.

ఈలోగా 1924లో పియా రీస్ అనే డేనిష్ అమ్మాయిని పెళ్లి చేసుకున్నారు. 1926లో తను డాక్టరేట్ తీసుకున్న ఫ్రైబర్గ్‌కే ప్రొఫెసరుగా వెళ్లారు. 1933లో నాజీలు అధికారంలోకి వచ్చారు. 1934లో ఫ్రైబర్గ్ వదిలేసి మళ్లీ కోపెన్‌హాగెన్, మళ్లీ బోర్ నీడ. అప్పటికి ఆయనకి నలభై తొమ్మిదో ఏడు. పుట్టిన దేశం ఒకటి, చదువు చెప్పిన దేశం ఒకటి, రెండూ పొమ్మన్నాయి.

ఆ ఏడే ఆయన ఒక సరదా ప్రయోగం చేశారు. అమెరికాలో హెరాల్డ్ యూరీ కనిపెట్టిన డ్యుటీరియం ఉండే భారజలం కొంత సంపాదించి, మామూలు నీళ్లలో పల్చగా కలిపి తాగారు. ఆ తరువాత మూత్రంలో అది ఎన్నాళ్లు కనిపిస్తుందో కొలిచారు. మనం తాగిన నీటి అణువు ఒంట్లో సగటున సుమారు 13 రోజులు ఉంటుందని తేలింది. పొద్దున్న తాగిన నీళ్లు సాయంత్రానికి పోయాయనుకునే మనకి ఇది వింతగానే ఉంటుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే పారిస్‌లో జోలియో-క్యూరీ దంపతులు కృత్రిమంగా రేడియోధార్మికత పుట్టించవచ్చని చూపించారు. ఇక గంధకాన్ని న్యూట్రాన్లతో కొడితే రేడియోధార్మిక భాస్వరం వస్తుంది. దాని పేరు భాస్వరం-32, సగం తరిగే గడువు 14 రోజుల పైచిలుకు. అంటే ప్రయోగం చేసుకోవడానికి తీరిక ఉంటుంది, ఏళ్ల తరబడి బెడదా ఉండదు. కార్బన్ డైసల్ఫైడు జాడీలో న్యూట్రాన్ల మూలాన్ని ఉంచి, పుట్టిన పిసరంత భాస్వరాన్ని వడగట్టి తీసేవారు. 1935 అక్టోబరులో బోర్ గారి యాభయ్యో పుట్టినరోజుకి దాతలు చందాలు వేసుకుని 600 మిల్లీగ్రాముల రేడియం కొని ఇచ్చారు. పుట్టినరోజు కానుకలో సింహభాగం వాడుకున్నది హెవెషీ. బోర్ గారు ఏమీ అనుకోలేదు!

వైద్యుడు కీవిట్జ్‌తో కలిసి ఆ భాస్వరాన్ని ఎలకలకి తినిపించారు. ఆ రోజుల్లో ఎముకల సంగతి అందరూ ఏమనుకునేవారంటే - అది ఇంటికి రాట లాంటిది, ఒకసారి పాతితే అంతే. మా గోదావరి జిల్లాల్లో తాటాకు పాకకి రెండేళ్లకో మూడేళ్లకో ఆకు మారుస్తారు, రాటలు మాత్రం అవే ఉంటాయి. ఒళ్లూ అలాంటిదే, తిన్న తిండిలో కొంత పైపై మరమ్మత్తులకి పోతుంది, మిగిలింది కాలి శక్తి అవుతుంది అనుకునేవారు. హెవెషీ చూసింది వేరు. పెరగడం ఆగిపోయిన ఎలక ఎముకల్లో కూడా నిన్న తిన్న భాస్వరం వచ్చి కూర్చుంది. కూర్చున్నదీ స్థిరంగా లేదు. కొన్నాళ్లకి లేచి వెళ్లిపోయింది, దాని చోటికి ఇంకొకటి వచ్చింది. పాకలో ఆకులే కాదు, రాటలూ మారిపోతున్నాయి, ఇల్లు మాత్రం నిలబడే ఉంది. 1935లో నేచర్ పత్రికలో అచ్చయిన ఆ చిన్న వ్యాసం నుంచే మా శాస్త్రం కొత్త దారి పట్టిందని నా నమ్మకం.

ఇక్కడ మన తెలుగువాడి ముచ్చట ఒకటి చెప్పాలి. ఎముకలోనో కండరంలోనో ఎన్ని కిరణాలు వస్తున్నాయో కౌంటరు చెబుతుంది. కాని ఆ ముక్కలో మొత్తం భాస్వరం ఎంతో తెలియకపోతే ఆ అంకెకి అర్థం లేదు. పది గిన్నెల్లో ఒకదాని మీద పేరుందా, వెయ్యి గిన్నెల్లో ఒకదాని మీదా అన్నది తెలియాలి గదా. మొత్తం భాస్వరం కొలిచే సులువైన పద్ధతిని 1925లో హార్వర్డులో ఫిస్కేతో కలిసి ప్రకటించినవారు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. మాలిబ్డేటు కలిపితే భాస్వరం ఉన్న కొద్దీ నీలం రంగు చిక్కబడుతుంది, ఆ రంగుని కొలుస్తారు. భాస్వరం-32 వాడిన ల్యాబుల్లో దశాబ్దాల పాటు ఒక బల్ల మీద హెవెషీ విద్య, పక్క బల్ల మీద సుబ్బారావు గారి విద్య నడిచేవి. నేను ఈ దేశంలో ల్యాబులో చేరినప్పుడు నాకిచ్చిన ప్రయోగాల నోటుపుస్తకంలో మొదటి పేజీల్లోనే ఆయన పేరు కనిపించింది. ఊరు కాని ఊళ్లో మేనమామ ఎదురైనట్టు అనిపించింది. 1929లో కండరాల్లో ఏటీపీ అనే భాస్వరపు సమ్మేళనం ఉందని చెప్పినవారిలోనూ ఆయన ఉన్నారు. ఒంట్లో శక్తి చేతులు మారేది ఈ ఏటీపీ రూపంలోనే.

ఆ ఏటీపీ దగ్గరే హెవెషీ కథ ఎంజైముల్లోకి వచ్చింది. ఆనాడు పోలండులో ఉన్న ల్వూఫ్ నగరంలో (ఇప్పుడది ఉక్రెయిన్‌లోని ల్వీవ్) యాకుబ్ పార్నాస్ అనే శాస్త్రవేత్త, కండరాన్ని పిండి తీసిన రసంలో చక్కెర ఎలా విరుగుతుందో చూస్తున్నారు. భాస్వరం ఒక అణువు చేతి నుంచి ఇంకో అణువు చేతికి మారుతోందని తెలుసు గాని, ఎవరు ఎవరికిచ్చారన్నది తేలడం లేదు. 1930ల చివర ఆయన, హెవెషీ కలిసి గుర్తు పెట్టిన భాస్వరాన్ని ఆ రసంలోకి వదిలి, ఏ అణువులో తేలుతుందో చూశారు. ఈ చేతులు మార్పించే దళారులే ఎంజైములు. నేను జన్మంతా చేసిన పని ఆ ప్రయోగానికి మనుమడో మునిమనుమడో అవుతుంది.

ఆ పని ఎలా ఉంటుందో నాలుగు ముక్కల్లో చెబుతాను. కణజాలం ముక్కని మంచు మీదే ఉంచి, చల్లటి ద్రావణంలో మెత్తగా రుబ్బాలి. వెచ్చబడితే ఎంజైము చచ్చిపోతుంది. గిర్రున తిప్పితే పిప్పి అడుక్కి పోతుంది, పైతేట తీసుకోవాలి. అందులో చివరి భాస్వరానికి గుర్తు పెట్టిన ఏటీపీ, ఆ భాస్వరం పుచ్చుకునే ప్రోటీను కలిపి, వెచ్చటి నీళ్ల తొట్టిలో పది నిమిషాలు. ఎంజైము చురుగ్గా ఉంటే ఏటీపీ మీది భాస్వరాన్ని తెంపి ప్రోటీనుకి తగిలిస్తుంది. తరువాత బొట్టు తీసి ప్రత్యేకమైన కాగితపు ముక్క మీద వేస్తాం. ప్రోటీను కాగితానికి అంటుకుంటుంది, మిగిలిన ఏటీపీ ఆమ్లంలో నాలుగైదుసార్లు కడిగితే పోతుంది. ఇక కాగితాన్ని కౌంటరులో వేసి, నిమిషానికి ఎన్ని మెరుపులో చూడడమే. పక్కనే ఉడకబెట్టి చంపిన ఎంజైముతో ఇంకో గొట్టం ఉంటుంది, దాని అంకె తీసివేయాలి. చివరికి మిల్లీగ్రాము ప్రోటీనుకి నిమిషానికి ఇంత అని లెక్క.

ఇంత తతంగం దేనికంటారా? ఒక ఎంజైము కణంలో ఉండడం వేరు, పని చేయడం వేరు. ఆఫీసు హాజరు పట్టీలో పేరున్నంత మాత్రాన ఫైలు కదిలిందనుకోలేం గదా. కదిలిన ఫైళ్లని లెక్కపెట్టాలి. ఆ లెక్క గ్రాములో కోటానుకోట్ల వంతులో ఉంటుంది. గుర్తు పెట్టకపోతే ఏ తక్కెడకీ చిక్కదు.

ఆ లెక్క వల్ల ఒరిగేదేమిటో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. గోషే జబ్బు అని ఒకటుంది. ప్లీహం, కాలేయం ఉబ్బిపోతాయి, ఎముకలు గుల్లబారతాయి, కొందరు పసిపిల్లలకి మెదడుకీ సోకుతుంది. కణాల్లో ఒక కొవ్వు పదార్థం పేరుకుపోతుందని ఎప్పటి నుంచో తెలుసు. ఒళ్లు దాన్ని ఎక్కువగా తయారు చేస్తోందా, లేక విరగ్గొట్టలేకపోతోందా అన్నదే తేలలేదు. మేరీలాండులోని జాతీయ ఆరోగ్య సంస్థల్లో రాస్కో బ్రేడీ బృందం ఆ కొవ్వునే కర్బనం-14 గుర్తుతో తయారు చేసి, రోగుల ప్లీహపు ముక్కలతో కలిపి చూసింది. దాన్ని విరగ్గొట్టే ఎంజైము రోగుల్లో బాగా మందగించిందని 1965లో తేల్చారు. లేనిది ఏదో తెలిసింది కనక అదే అందించాలన్న ఆలోచన వచ్చింది. పురిటిలో పారేసే మాయ నుంచి ఆ ఎంజైముని తీసి మందుగా తయారు చేశారు. 1991లో అమెరికా ప్రభుత్వం దానికి అనుమతి ఇచ్చింది. అప్పటిదాకా ప్లీహం కోయించుకోవడం తప్ప వేరే దారి లేని రోగులు లేచి తిరిగారు.

ఇలాంటి జబ్బుల విషయంలో మనవాళ్లకి ఒక మాట. తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా లోపమున్న జన్యువు వస్తేనే ఇవి వస్తాయి. ఇద్దరూ మోసేవారైతే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం. మేనరికాల్లో ఇద్దరికీ తాతో అమ్మమ్మో ఒకరే కనక ఆ అవకాశం పెరుగుతుంది. మేనమామ వరసలు, బావామరదళ్ల సరసాలు మన ఇళ్లకి అందమే, కాదనను. పెళ్లి దాకా వెళ్లేటప్పుడు మాత్రం జన్యు సలహాదారుని కలవడం నామోషీ కాదు. ఇప్పుడు ఈ పరీక్షలు చాలా చోట్ల రేడియోధార్మికత లేకుండానే, ఎండిన రక్తపు చుక్కతో చేసేస్తున్నారు.

హెవెషీ కథలోకి వద్దాం. 1940 ఏప్రిల్ 9న జర్మన్ సైన్యం డెన్మార్క్‌లోకి వచ్చింది. బోర్ సంస్థలో రెండు నోబెల్ పతకాలు దాచి ఉన్నాయి. నాజీలకి ఎదురు నిలిచిన మాక్స్ ఫాన్ లావే, దేశం విడిచిపోయిన జేమ్స్ ఫ్రాంక్ - ఈ ఇద్దరు జర్మన్ శాస్త్రవేత్తలవి. జర్మనీ నుంచి బంగారం దాటించడం అప్పట్లో ఘోరమైన నేరం. పతకాల మీద పేర్లు చెక్కి ఉన్నాయి. దొరికితే ముఖ్యంగా జర్మనీలోనే ఉన్న లావే ప్రాణానికే ముప్పు. పాతిపెడదామని హెవెషీ అంటే, తవ్వితే బయటపడతాయని బోర్ వద్దన్నారు. సైన్యం వీధుల్లో నడుస్తుండగా హెవెషీ ఆ పతకాలని నత్రికామ్లం, హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపిన ద్రావణంలో వేసి కరిగించారు. బంగారం మొండిది, త్వరగా కరగదు. ఆ రోజంతా ఆ పనే సరిపోయింది. నారింజ రంగు ద్రావణమున్న సీసాలు బీరువాలో మిగతా సీసాల మధ్య నిలబడ్డాయి. సైనికులు వచ్చి వెతికారు, వాటి జోలికి పోలేదు. యుద్ధం అయ్యాక చూస్తే సీసాలు అక్కడే ఉన్నాయి. బంగారాన్ని మళ్లీ బయటికి తీసి స్వీడన్ పంపితే, నోబెల్ సంస్థ పతకాలు తిరిగి పోతపోయించి ఇద్దరికీ అందజేసింది.

ఆయన కోపెన్‌హాగెన్‌లో 1943 దాకా ఉన్నారు. ఆ శరత్కాలంలో డెన్మార్క్ యూదుల్ని పట్టుకుపోవడానికి జర్మన్లు సిద్ధమవడంతో వేలమంది సముద్రం దాటి స్వీడన్ చేరారు. హెవెషీ మకాం కూడా స్టాక్‌హోంకి మారింది. అక్కడ ఎంజైముల రసాయనంలో పేరు మోసిన ఫాన్ ఆయిలర్‌తో కలిసి, ఎక్స్ కిరణాలు సోకిన కణితుల్లో డీఎన్ఏ తయారీ ఎంత తగ్గుతుందో భాస్వరం-32 తో కొలిచారు. రేడియేషన్ చికిత్స కణితి మీద ఎలా పని చేస్తుందన్న ప్రశ్నకి అది తొలి ఆధారాల్లో ఒకటి. 1943 సంవత్సరానికి రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి ఆయనకి 1944లో ప్రకటించారు. హాఫ్నియానికి కాదు, ట్రేసర్ పద్ధతికి. ఇల్లూ వాకిలీ వదిలి వచ్చినవాడికి, తలదాచుకున్న ఊళ్లోనే బహుమతి అందింది.

స్వీడన్ పౌరుడై అక్కడే ఉండిపోయారు. 1949లో లండన్ రాయల్ సొసైటీ కాప్లీ పతకం, 1959లో న్యూయార్క్‌లో శాంతి కోసం అణువులు అనే పురస్కారం వచ్చాయి. డెబ్భై దాటాక కూడా ల్యాబు మానలేదు. క్యాన్సరు రోగుల్లో రక్తహీనత ఎందుకు వస్తుందో తెలుసుకోవడానికి ఇనుముకి గుర్తు పెట్టి వెంబడించారు. ఆయన జీవితకాలంలోనే థైరాయిడ్ జబ్బుల వైద్యంలో రేడియో అయోడిన్ వాడకం ఊరూరా వచ్చేసింది.

1966 జూలై 5న, చదువుకున్న ఊరూ వెళ్లగొట్టిన ఊరూ అయిన ఫ్రైబర్గ్‌లోనే, ఎనభై ఏళ్ల వయసులో పోయారు. 2001లో ఆయన అవశేషాలని బుడాపెస్ట్ తీసుకువెళ్లి, అక్కడి కెరెపెషి శ్మశానవాటికలో ఉంచారు.